క్లబ్ బార్‌లో బీరు సీసాలు ఎత్తేసి డ్రాఫ్ట్ బీరు (కెగ్గుల నుంచి ట్యాపుతో పోసేది) పెట్టాలంటున్నారు. సంతకం పెట్టేముందు ఏం చూసుకోవాలి?

మేడ్చల్_సెక్రటరీ
మా క్లబ్ బార్ (సి-1 లైసెన్సు, హైదరాబాద్ శివారు) మొదటి నుంచీ సీసాల మీదే నడుస్తోంది. వారానికి సగటున 35 కేసుల 650 మి.లీ. సీసాలు పోతాయి. 20 కేసులు ఒకే మైల్డ్ లాగర్, 12 కేసులు స్ట్రాంగ్, మిగతా మూడు అవీ ఇవీ. ఇందులో 60 శాతం శుక్ర, శని, ఆదివారాల్లోనే.

ఇప్పుడు డ్రాఫ్ట్ ప్రపోజల్ ఒకటి వచ్చింది. నాలుగు ట్యాపులు, కూలర్, పైపులు వాళ్ళే బిగిస్తారు, మనం కెగ్గులకి (బీరు నింపి వచ్చే స్టీలు పీపాలు) డిపాజిట్ కట్టాలి. కెగ్గులు కింద స్టోర్ రూంలో, ట్యాపులు పై అంతస్తు కౌంటర్ మీద. పైపు పొడవు 22 మీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు నాలుగున్నర మీటర్లు. స్టోర్‌లో ఏసీ లేదు, ఎండాకాలం 36-38 డిగ్రీలుంటుంది. అడిగితే "పైన కూలర్ ఉందిగా, చల్లగానే వస్తుంది" అంటున్నారు.

మా ట్రెజరర్ గారు 50 లీటర్ల కెగ్‌ని 330 మి.లీ.తో భాగించి 151 గ్లాసులని రాసేశారు. ఆ కాగితమే జనరల్ బాడీలో పెట్టబోతున్నారు. సీసాలు పూర్తిగా ఎత్తేయాలన్నది ఆయన పట్టు. ఏమేం అడగాలి?

నురగరాయుడు
151 గ్లాసులు తీసే బార్‌మ్యాన్ దొరికితే మా క్లబ్‌కి పంపండి. జీతం ఎంతడిగినా ఇస్తాం.

కెగ్_మెకానిక్
సెక్రటరీ గారూ, మీరు రాసిన వాటిలో అసలు చిక్కు ఆ 36-38 డిగ్రీల దగ్గరుంది.

బీరులో కలిసి ఉన్న సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) బయటికి రాకుండా ఉండాలంటే గ్యాస్ బండతో కెగ్‌లో ఎంత ఒత్తిడి పెట్టాలో ఉష్ణోగ్రతే చెబుతుంది. మామూలు లాగర్‌లో లీటరు బీరుకి సుమారు రెండున్నర లీటర్ల గ్యాస్ కరిగి ఉంటుంది. బీరు 3-4 డిగ్రీల్లో ఉంటే దాన్ని పట్టి ఉంచడానికి 11-12 పీఎస్ఐ (ఒత్తిడి కొలత, చదరపు అంగుళానికి పౌన్లు) చాలు. 10 డిగ్రీలకి 18 కావాలి. 25కి 35. 30కి 40 దాటాలి. మీ స్టోర్ లాగా 37 అయితే 50 దాకా పోతుంది.

బిగించేవాళ్ళు రెగ్యులేటర్‌ని 15కో 20కో తిప్పి వెళ్ళిపోతారు. అప్పుడు కెగ్ దాటి పైపులోకి వచ్చేసరికే గ్యాస్ విడిపోతుంది. పైన కూలర్‌లోకి బీరూ బుడగలూ కలిసి వెళతాయి. కూలర్ చల్లబరుస్తుందే గానీ విడిపోయిన గ్యాస్‌ని ఆ కొద్ది క్షణాల్లో మళ్ళీ కరిగించలేదు. ట్యాపు తిప్పితే నురగే. బార్‌మ్యాన్ ఒత్తిడి ఇంకా తగ్గిస్తాడు, నురగ ఇంకా పెరుగుతుంది. "ట్యాపు పాడైంది సార్" అని ఫోన్ వస్తుంది.

బోయిన్‌పల్లి_బాస్
గదే ఎక్కువైతది మా దిక్కు. ఒత్తిడి తగ్గిస్తే నురగ తగ్గుతదనుకుంటరు అందరు. ఉల్టా.

విశాఖ_బార్
కెగ్_మెకానిక్ గారూ, మరీ భయపెట్టేస్తున్నారండి. కెగ్గులు మామూలు గదిలోనే పెట్టి, కౌంటర్ కింద ఐస్ బ్యాంక్ కూలర్‌తో నడిపే బార్లు బోలెడున్నాయి. పెళ్ళిళ్ళ కేటరింగ్ అంతా అదే పద్ధతి. కూలర్ నీళ్ళ తొట్టిలో స్టీలు చుట్ట ఉంటుంది, చుట్టూ మంచు గడుతుంది, 30 డిగ్రీల బీరు అందులోంచి 4 డిగ్రీలకి దిగి వస్తుంది. ఒత్తిడి 35-40 పెట్టి, ట్యాపులో ఫ్లో కంట్రోల్ (ధార వేగం సర్దే మీట) ఉన్న రకం తీసుకుంటే చక్కగా పోస్తుంది.

కెగ్_మెకానిక్
పెళ్ళిలో కుదురుతుంది సార్, ఎందుకంటే కెగ్ ఆ రాత్రికే ఖాళీ అవుతుంది. క్లబ్‌లో మంగళవారం తెరిచిన కెగ్ గురువారం దాకా ఉంటుంది. మధ్యలో గది 38 నుంచి 28కి, మళ్ళీ 38కి పోతుంటే ఒత్తిడి ఏ అంకె మీదా నిలవదు. 40 పెట్టి వదిలేస్తే రాత్రి చల్లబడ్డ కెగ్‌లోకి గ్యాస్ అదనంగా కరుగుతుంది, మర్నాడు మొదటి పది గ్లాసులు నురగ. పైగా పాశ్చరైజ్ చెయ్యని కెగ్ అయితే ఆ వేడిలో రోజుల్లోనే పులుస్తుంది. పాశ్చరైజ్ చేసినదైనా త్వరగా వాడిపోయి తడి అట్ట వాసన మొదలవుతుంది.

విశాఖ_బార్
వాడిపోయే మాట ఒప్పుకుంటాను. కూలర్ పనికిరాదన్నది మాత్రం ఒప్పుకోను.

ఆడిటర్_అంబర్‌పేట
ట్రెజరర్ గారి లెక్క సరిచేద్దాం. కింది ధరలు ఊహించి వేసినవి, మీ ఇన్వాయిస్ అంకెలు పెట్టుకోండి.

సీసా 130 రూపాయలు పడితే, 0.65తో భాగిస్తే లీటరు 200. కెగ్ 8,500 పడితే, 50తో భాగించి లీటరు 170 అని కమిటీకి చూపిస్తారు. కానీ భాగించాల్సింది అమ్మిన లీటర్లతో.
46 లీటర్లు అమ్మితే లీటరు 185.
42 అమ్మితే 202. అంటే సీసా కంటే ఎక్కువే.

ఈ అంకెల్లో లాభమంతా 8 లీటర్ల వృథాతో, అంటే 16 శాతంతో పోతుంది. చల్లటి కెగ్, పొట్టి పైపు ఉంటే వృథా 3-5 శాతంలో ఆపొచ్చు. వేడి స్టోర్, పొడవు పైపు, కొత్త కుర్రాడు ముగ్గురూ కలిస్తే 16 పెద్ద కష్టమేం కాదు. 46 లీటర్లకి 330 మి.లీ. గ్లాసులు 139. జనరల్ బాడీకి 151 కాకుండా ఈ అంకె చూపించండి.

సీసా వైపు కూడా పగిలేవి, మూత దగ్గర కారినవి, ఖాళీల మీద వచ్చే డబ్బులు ఉంటాయి. ఖాళీ సీసాల ఆదాయం చాలా క్లబ్బుల లెక్కల్లోకే రాదు, ఎక్కడికి పోతుందో మాత్రం అందరికీ తెలుసు.

నురగరాయుడు
ఆడిటర్ గారూ, ఆఖరి వాక్యం తీసెయ్యండి, స్టోర్ కీపర్లు చదువుతారు.

పైపుల_పంతులు
22 మీటర్ల పైపు సంగతి. నాలుగు అంకెలు చూసుకోండి.

నిలువు ఎత్తుకి మీటరుకి సుమారు 1.4 పీఎస్ఐ ఖర్చు. మీ నాలుగున్నర మీటర్లకి 6.4.
లోపలి వ్యాసం 3/8 అంగుళం బారియర్ పైపు (లోపల నున్నటి పొర ఉన్న బీరు పైపు) అడుగుకి 0.06 పీఎస్ఐ తింటుంది. 22 మీటర్లు అంటే 72 అడుగులు, 4.3.
మొత్తం 10.7. కెగ్ 3.5 డిగ్రీల్లో ఉండి 12 పీఎస్ఐ పెడితే సరిగ్గా సరిపోతుంది. మిగిలిన ఒకటిన్నర లోపు ట్యాపు దగ్గర సన్న పైపు ముక్క తింటుంది.

5/16 పైపు వేస్తే అడుగుకి 0.1, మొత్తం 13.6 అవుతుంది. 12తో లాగలేదు, ధార సన్నగా వస్తుంది. ఒత్తిడి పెంచితే గ్యాస్ ఎక్కువ కరుగుతుంది. అప్పుడు నైట్రోజన్ కలిపిన గ్యాసో, బీరు పంపో కావాలి. కాబట్టి ఏ పైపు వేస్తారో ఒప్పందంలో రాయించండి.

ఇక ఆ పైపులో నిలిచే బీరు: 3/8లో మీటరుకి 71 మి.లీ. అంటే లైనుకి 1.56 లీటర్లు. నాలుగు లైన్లకి 6 లీటర్ల పైనే. లైన్లు కడిగిన ప్రతిసారీ ఇది కాలువలోకే.

పులుసు_ముక్క
ప్రతిసారీ 6 లీటర్లు కాలువలోకా? మెంబర్లని కాలువ దగ్గర కుర్చీలు వేసి కూర్చోబెట్టండి.

లీడ్స్_సెల్లార్
ఇక్కడ ఇంగ్లండ్‌లో వర్కింగ్ మెన్స్ క్లబ్బుల పద్ధతి చెబుతా, పోల్చుకోండి. సెల్లార్ (కెగ్గులు పెట్టే కింది గది) 11-13 డిగ్రీల్లో ఉంటుంది, కెగ్ లాగర్‌కి ఒత్తిడి అందుకు తగ్గట్టు 20-30 మధ్య. సెల్లార్ నుంచి కౌంటర్ దాకా పైపులన్నీ పైథాన్ అనే లావు తొడుగులో కట్ట కట్టి పోతాయి, మధ్యలో చల్లటి నీళ్ళ పైపు వెళ్ళి వెనక్కి వస్తూ బీరు దారిలో వేడెక్కకుండా చూస్తుంది. 22 మీటర్లు ఇక్కడ మామూలే. కానీ పైథాన్ లేకుండా 22 మీటర్లు ఎవరూ వెయ్యరు.

మీ ప్రపోజల్‌లో ఆ తిరుగు చల్లదనం ఉందా? లేకపోతే కింద కోల్డ్ రూం కట్టినా లాభం లేదు. రెండు గ్లాసుల మధ్య పావుగంట గ్యాప్ వస్తే పైపులో ఉన్న లీటరున్నర గది వేడికి వచ్చేస్తుంది. ఎండకి వేడెక్కిన సోడా మూత తీసినట్టే.

మేడ్చల్_సెక్రటరీ
చూశాను. "ఇన్సులేటెడ్ పైపు" అని మాత్రమే రాశారు. తిరుగు లైను మాట లేదు. కోల్డ్ రూం కూడా లేదు.

కెగ్_మెకానిక్
ఇన్సులేషన్ వేడెక్కడాన్ని ఆలస్యం చేస్తుంది అంతే. చల్లగా ఉంచదు. ఆ డ్రాయింగ్‌కి సంతకం పెట్టకండి.

బోయిన్‌పల్లి_బాస్
అసలు కెగ్గులు కిందెందుకు? పైననే కౌంటర్ వెనకాల కెగ్ ఫ్రిజ్ పెట్టుకో అన్నా. రెండు కెగ్గులు పట్టే ఫ్రిజ్, దాని మీదనే ట్యాపు. పైపు మీటరున్నర. కోల్డ్ రూం లేదు, పైథాన్ లేదు, పంపు లేదు.

పైపుల_పంతులు
దీనికే నా ఓటు కూడా. అందులో వేసే పైపు 3/16 అంగుళం వినైల్, అది అడుగుకి 3 పీఎస్ఐ తింటుంది. 12 పీఎస్ఐకి లెక్క ప్రకారం నాలుగు అడుగుల లోపే. మొదట ఐదు అడుగులు వేసి, ధార మరీ మెల్లగా ఉంటే అరడుగు చొప్పున కోసుకుంటూ రండి. కోసింది మళ్ళీ అతకదు కాబట్టి తొందర వద్దు. ఆ పైపులో మీటరుకి 18 మి.లీ. మాత్రమే నిలుస్తుంది, కడిగినప్పుడు పోయేది చిన్న పెగ్గంత.

ఫ్రిజ్ లోపల కింద 3 డిగ్రీలుంటే ట్యాపు స్తంభం పైభాగంలో 15 ఉంటుంది. మొదటి గ్లాసు నురగకి కారణం అదే. చిన్న ఫ్యాన్‌తో ఫ్రిజ్ గాలిని స్తంభంలోకి పంపే ఏర్పాటున్న మోడల్ తీసుకోండి.

పాతసీసా
కెగ్ బరువెంతో ఎవరూ చెప్పడం లేదు. 50 లీటర్ల స్టీలు కెగ్ ఖాళీగా 13 కిలోలు, నిండితే 63 దాటుతుంది. మెట్ల మీద పైకి ఎవరు మోస్తారు?

మేడ్చల్_సెక్రటరీ
కిచెన్ సామాన్ల లిఫ్టు ఉంది, 100 కిలోలది. కానీ తలుపు వెడల్పు తక్కువ.

బోయిన్‌పల్లి_బాస్
30 లీటర్లది తీస్కో. నిండుగ 40 కిలోలు. ఇద్దరు లేపుతరు.

ఆడిటర్_అంబర్‌పేట
30 లీటర్లదే ఎందుకు మంచిదో అమ్మకాల లెక్క కూడా చెబుతుంది. 20 కేసులు మైల్డ్ అంటే 156 లీటర్లు. అందరూ సీసా వదలరు, మూడింట రెండొంతులు డ్రాఫ్ట్‌కి మారారనుకుందాం, వారానికి 104 లీటర్లు. సోమ నుంచి గురువారం దాకా అందులో 40 శాతం, నాలుగు రోజులకి 42 లీటర్లు.

ఒకే బీరు, ఒకటే ట్యాపు అయితే మామూలు రోజుల్లో 30 లీటర్ల కెగ్ మూడు రోజుల్లో ఖాళీ. వారాంతంలో రోజుకి 20 లీటర్ల పైన. బాగుంది. అదే నాలుగు ట్యాపులకి నాలుగు రకాలు పెడితే ఒక్కోటి వారానికి 26 లీటర్లు, 50 లీటర్ల కెగ్ రెండు వారాలు కూర్చుంటుంది.

లీడ్స్_సెల్లార్
తెరిచిన కెగ్ సీఓటూ మీద, చల్లగా ఉంటే ఐదు నుంచి ఏడు రోజులు మంచి రుచి ఉంటుంది. రెండు వారాలకి అమ్మొచ్చు గానీ తాగిన మెంబరు మళ్ళీ అడగడు. ఇక్కడి క్లబ్బుల్లో ట్యాపులు తగ్గించడమే ఎక్కువ జరుగుతోంది.

నల్లగొండ_స్ట్రాంగ్
12 కేసుల స్ట్రాంగ్ బ్యాచ్ సంగతేంది? డ్రాఫ్ట్ అంటే అంతా మైల్డే వస్తది. సీసాలు ఎత్తేస్తే మా టేబుల్ మొత్తం పక్క క్లబ్బుకు పోతది.

మేడ్చల్_సెక్రటరీ
మీ టేబులే మాకు ఎలక్షన్లలో గెలుపోటములు తేల్చేది. స్ట్రాంగ్ సీసాలు ఉంటాయి.

సనత్‌నగర్_గ్యాస్
గ్యాస్ గురించి ఎవరూ వివరంగా రాయలేదు కాబట్టి:

ఫుడ్ గ్రేడ్ సీఓటూ అని బిల్లు మీద రాయించండి. వెల్డింగ్ బండ చవగ్గా వస్తుందని తెచ్చేవాళ్ళున్నారు, వద్దు.

చల్లటి 50 లీటర్ల కెగ్‌ని 12 పీఎస్ఐతో ఖాళీ చెయ్యడానికి సుమారు 170 గ్రాముల గ్యాస్ చాలు. అదే 30 డిగ్రీల్లో 40 పీఎస్ఐతో అయితే 330. లీకులు కలుపుకున్నా 5 కిలోల బండ చల్లటి పద్ధతిలో 20 కెగ్గులకి తక్కువ రాకూడదు. అంతకంటే ముందే అయిపోతుంటే సబ్బు నీళ్ళు పట్టుకుని కప్లర్ (గ్యాస్, బీరు పైపుల్ని కెగ్ మెడకి తగిలించే తల) వాషర్, రెగ్యులేటర్ జాయింట్ చూడండి.

గేజ్ చూసి బండలో ఎంతుందో చెప్పలేరు. లోపల ద్రవం ఉన్నంతసేపూ ముల్లు ఒకే చోట ఉంటుంది, 20 డిగ్రీల్లో 57 బార్ (ఇదీ ఒత్తిడి కొలతే, ఒక బార్ అంటే 14.5 పీఎస్ఐ). ద్రవం అయిపోయాక గబగబా పడిపోతుంది, అదీ శనివారం రాత్రి తొమ్మిదింటికే. బండని తూకం వెయ్యండి, ఖాళీ బరువు మెడ మీద కొట్టి ఉంటుంది.

బండ నిలువుగా, గొలుసుతో గోడకి. రెగ్యులేటర్ లేకుండా కెగ్‌కి తగిలిస్తే కెగ్ పేలుతుంది. కెగ్ తట్టుకునే ఒత్తిడి కొన్ని బార్లే, బండలో అంతకి పదింతలు పైనే.

సీఓటూ గాలి కంటే బరువు, నేల మీద పేరుకుంటుంది. గాలి ఆడని స్టోర్ రూంలో బండ పెడితే నేలకి అడుగు ఎత్తులో సెన్సర్ తప్పనిసరి. గాలిలో 0.5 శాతమంటే ఎనిమిది గంటల పనికి పరిమితి. 3 శాతం దగ్గర గది ఖాళీ చెయ్యాలి. ఎవరైనా లోపల పడిపోతే వెంటనే వెనక దూరకండి, ముందు తలుపులు తెరవండి.

పులుసు_ముక్క
సరదాగా చదువుతున్నా, ఇప్పుడు భయమేస్తోంది.

విశాఖ_బార్
భయం అక్కర్లేదండి, పై అంతస్తులో కిటికీలున్న బార్‌లో చిన్న బండ ఒకటి పెడితే ఆ చిక్కు చాలావరకూ తీరుతుంది. కింద కిటికీ లేని స్టోర్ వద్దనడానికి ఇదీ ఓ కారణమే.

కరెంటు గురించి కూడా అడగండి. కెగ్ ఫ్రిజ్ కంప్రెసర్ జనరేటర్ మీద ఉండాలి. ఐస్ బ్యాంక్ కూలర్ అయితే ఓ సుఖం ఉంది: కంప్రెసర్ ఆగినా, నీళ్ళు తిప్పే చిన్న మోటార్‌ని ఇన్వర్టర్‌కి ఇస్తే కట్టిన మంచు కొంతసేపు లాక్కొస్తుంది. కానీ రాత్రి స్విచ్ ఆపి పొద్దున వేస్తే సాయంత్రానికి మంచు సరిగ్గా కట్టదు. వాచ్‌మన్ "కరెంటు పొదుపు" చేస్తుంటాడు, ఆ స్విచ్ మీద టేపు వేయించండి.

కెగ్_మెకానిక్
ఫ్రిజ్‌కైనా అదే సూత్రం. ఇంకోటి, వేడి కెగ్ ఫ్రిజ్‌లో పెట్టిన రోజే తగిలించకూడదు. 30 డిగ్రీల నుంచి 4కి దిగడానికి రెండు రోజులు పడుతుంది. బయట గోడ చల్లగా తగిలినా నడుమ వేడిగానే ఉంటుంది. అందుకే రెండు కెగ్గుల ఫ్రిజ్: ఒకటి నడుస్తుంటే రెండోది చల్లబడుతుంది. శనివారం మధ్యాహ్నం తెచ్చిన కెగ్ శనివారం రాత్రికి పనికిరాదు.

ఎక్సైజ్_తెలిసినవాడు
కాగితాల వైపు. తెలంగాణలో బీరు ఏ రూపంలో వచ్చినా ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపో దారిలోనే రావాలి. ట్యాపులు ఎవరు బిగించినా ఇండెంట్ (సరుకు ఆర్డరు) మీ లైసెన్సు పేరు మీద, స్టాక్ రిజిస్టర్‌లో కెగ్గులు లీటర్లలో. బార్ స్టోర్ ఎక్కడుందో లైసెన్సు ప్లాన్‌లో ఉంటుంది, నిల్వ చోటు మారిస్తే ఎక్సైజ్ స్టేషన్‌లో ముందే రాసి ఇవ్వండి.

ఒప్పందంలో కచ్చితంగా అడగాల్సినవి: పరికరాలు ఎవరి సొత్తు, నెలకి కనీసం ఇన్ని కెగ్గులు తీసుకోవాలన్న షరతు ఉందా, వేరే కంపెనీ బీరు అదే ట్యాపులో పోయొచ్చా, శని ఆదివారాల్లో రిపేరుకి మనిషి వస్తాడా, సగం మిగిలిన కెగ్ పాడైతే ఎవరి ఖాతా.

2025 జనవరి గుర్తుంది కదా. ధరలు పెంచలేదని, బకాయిలున్నాయని యునైటెడ్ బ్రూవరీస్ (కింగ్‌ఫిషర్ కంపెనీ) 8వ తేదీన తెలంగాణకి సరఫరా ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆ నెలలోనే మళ్ళీ మొదలుపెట్టింది, ఫిబ్రవరిలో ప్రభుత్వం 15 శాతం పెంచింది. సీసాలైతే అలాంటప్పుడు పక్క బ్రాండు తెచ్చుకోవచ్చు. ట్యాపులన్నీ ఒకే కంపెనీకి కట్టేస్తే కౌంటర్ మీద ఇత్తడి బొమ్మలు మిగులుతాయి.

పైపుల_పంతులు
దీనికి తోడు కప్లర్ రకాలు వేరు. ఎస్, డి, ఏ, జి ఇలా ఉంటాయి, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. రెండో కంపెనీ కెగ్ తేవాలంటే ముందు దాని మెడ ఏ రకమో అడిగి కప్లర్ కొనండి.

పాతసీసా
మా వాళ్ళ బాధ ఒకటే: మగ్గులో సగం నురగ. సీసా అయితే 650 అని రాసి ఉంటుంది. మగ్గులో ఎంతుందని ఎవడు చూశాడు?

ఆడిటర్_అంబర్‌పేట
న్యాయమైన ప్రశ్న. గీత ఉన్న గ్లాసులు కొనండి. 330 గీత దగ్గర బీరు, దాని పైన నురగకి విడిగా చోటు, అంటే మొత్తం గ్లాసు 400 పట్టాలి. అంచు దాకా 330 పట్టే గ్లాసులో 330 అని అమ్మితే ప్రతి గ్లాసుకీ గొడవే. పిచర్‌కి కూడా 1.5 లీటర్ల గీత ఉండాలి.

లీడ్స్_సెల్లార్
నురగ అసలు లేకుండా అడక్కండి పాతసీసా గారూ, రెండు వేళ్ళ మందం ఉండాలి. లేకపోతే ఆ గ్యాస్ అంతా కడుపులో విడుదలవుతుంది. ఉబ్బరం అక్కడి నుంచే.

పోసే పద్ధతి బార్‌మ్యాన్‌కి నేర్పండి: గ్లాసు 45 డిగ్రీలు వంచి, ట్యాపు ఒక్కసారిగా పూర్తిగా తెరవాలి. సగం తెరిస్తే నురగ వస్తుంది, చాలామంది నురగ తగ్గుతుందనుకుని సగమే తెరుస్తారు. ట్యాపు ముక్కు బీరులో మునగకూడదు.

బోయిన్‌పల్లి_బాస్
ఫ్రీజర్లో పెట్టిన మగ్గులు బంద్ చెయ్. మంచు పట్టిన మగ్గులో పోస్తే నురగ పొంగుతది. కింద ఫ్రిజ్‌లో 4-5 డిగ్రీల కాడ పెట్టు, చాలు.

నల్లగొండ_స్ట్రాంగ్
మంచు మగ్గు లేకుంటే బీరెందుకన్నా, బజ్జీ తిని ఇంటికి పోతం.

విశాఖ_బార్
బజ్జీ అన్నారు కాబట్టి: నూనె చేతులతో, అదే స్పాంజితో గ్లాసులు కడిగితే నురగ నిలవదు, బుడగలు గోడకి అంటుకుంటాయి. బీరు గ్లాసులకి వేరే బ్రష్, వేరే తొట్టి. గుడ్డతో తుడవకుండా జాలీ మీద బోర్లించి ఆరనివ్వాలి. కడిగాక నీళ్ళతో తడిపి చూడండి, నీళ్ళు పొరలా జారితే శుభ్రం, బొట్లు బొట్లుగా విడితే జిడ్డుంది.

కెగ్_మెకానిక్
ఇక లైన్లు కడగడం. డ్రాఫ్ట్ పెట్టిన క్లబ్బులు మళ్ళీ సీసాలకి ఎందుకు పోతున్నాయని చూస్తే ఎక్కువసార్లు తేలేది ఇదే. కనీసం 14 రోజులకోసారి. లీడ్స్ గారి దగ్గర వారానికోసారి అనుకుంటా. మన వేడికి నేనూ వారమే అంటాను. పొట్టి పైపుకి అరగంట పని.

గ్యాస్ ఆపి కప్లర్ తియ్యాలి. దాన్ని కడిగే డబ్బా మెడకి తగిలించి ముందు మామూలు నీళ్ళు, ట్యాపులోంచి తేటగా వచ్చేదాకా. తర్వాత బీరు లైన్లకి అమ్మే కాస్టిక్ ద్రావణం, 2 శాతం బలంతో, గోరువెచ్చని నీళ్ళలో, 40 డిగ్రీలు దాటకుండా. పైపు నింపి పది నిమిషాలు ఉంచి, కొంచెం వదిలి కొత్తది నింపి ఇంకో పది నిమిషాలు. రాత్రంతా వదిలెయ్యకూడదు, పైపు లోపలి పొర పాడవుతుంది. ఈలోపు ట్యాపు విప్పి బ్రష్ చెయ్యాలి, బూజు పట్టేది ముందు అక్కడే. కప్లర్ కూడా. చివరికి మంచినీళ్ళు, పీహెచ్ కాగితం మీద కుళాయి నీళ్ళ రంగే వచ్చేదాకా. చేతికి గ్లవుజులు, కళ్ళకి అద్దాలు.

మూడు నెలలకోసారి యాసిడ్ క్లీనర్, లోపల కట్టే బీరు రాయి కోసం. బోరు నీళ్ళ ఉప్పు కూడా దాంతోనే పోతుంది. యాసిడ్‌నీ క్లోరిన్ ఉన్న క్లీనర్‌నీ ఎట్టి పరిస్థితుల్లో కలపకండి, విషవాయువు వస్తుంది.

లీడ్స్_సెల్లార్
అవును, ఏడు రోజులే. తేదీ, సంతకం ఉన్న కాగితం కౌంటర్ వెనక అంటించాలి. బీరులో వెన్న వాసనో, పుల్లటి వాసనో వస్తే ముందు ఆ కాగితం చూస్తాం, తర్వాతే కెగ్‌ని అనుమానిస్తాం.

మేడ్చల్_సెక్రటరీ
దొంగతనం సంగతేమిటి? సీసాలైతే రాత్రి లెక్కపెట్టి తాళం వేస్తాం.

ఆడిటర్_అంబర్‌పేట
కెగ్‌ని తూకం వెయ్యండి. ఖాళీ బరువు దాని మీదే ముద్రించి ఉంటుంది. లీటరు బీరు 1.01 కిలో. రాత్రి బార్ మూసేటప్పుడు బరువు తీసుకుని, నిన్నటి బరువులోంచి తీసేస్తే కెగ్ నుంచి బయటికెళ్ళిన లీటర్లు. బిల్లింగ్‌లో వచ్చిన గ్లాసులు, పిచర్ల లీటర్లతో పోల్చండి. రోజుకి 5 శాతం దాకా తేడా నురగ. వరసగా మూడు రోజులు 10 దాటితే ఒత్తిడి చూడండి, అది సరిగ్గా ఉంటే మనిషిని చూడండి. 100 కిలోల ప్లాట్‌ఫాం కాటా చాలు. నురగగా వృథా అయిన బీరుని ఒక కొలత జగ్గులోకి పట్టి, రాసి, తర్వాతే పారబోయమనండి.

మేడ్చల్_సెక్రటరీ
కమిటీకి ఇలా రాసుకున్నాను. కింది స్టోర్, 22 మీటర్ల లైను తిరస్కరణ. పై అంతస్తులో రెండు కెగ్గుల ఫ్రిజ్ ఒకటి, ప్రస్తుతానికి ఒకే బీరు, ఒక ట్యాపు, 30 లీటర్ల కెగ్గులు. స్ట్రాంగ్, మిగతా రకాలు సీసాల్లోనే. మైల్డ్ సీసాలు కూడా వారానికి ఏడు కేసులు ఉంచుతాం. కడిగే బాధ్యత ఇద్దరు పేర్లతో. గీత గ్లాసులు, కాటా. ట్రెజరర్ గారికి 139 లెక్క పంపాను, ఇంకా జవాబు లేదు.

విశాఖ_బార్
బాగుందండి. ఫ్రిజ్ వెనక గాలి ఆడటానికి జానెడు ఖాళీ వదలండి. ట్యాపు కింద పళ్ళేనికి కాలువ పైపు ఇప్పుడే వేయించండి, తర్వాత గ్రానైట్ కొయ్యాలంటే ఖర్చు.

ఎక్సైజ్_తెలిసినవాడు
ఒకటి మర్చిపోయారు. డ్రై డేలు. అక్టోబర్ 2, పోలింగ్ ముగిసే ముందు 48 గంటలు, కౌంటింగ్ రోజు, నగరంలో నిమజ్జనం. సీసా తాళం వేస్తే అలాగే ఉంటుంది, తెరిచిన కెగ్‌కి రోజులు ఖర్చవుతూనే ఉంటాయి. మూసివేతకి ముందు రోజు కొత్త కెగ్ తగిలించొద్దు, మిగిలినవాళ్ళకి సీసాలివ్వండి. ఎలక్షన్ వారంలో ఇండెంట్ సగానికి తగ్గించండి.

కెగ్_మెకానిక్
మూత పడిన ఆ రోజుల్లోనే లైను కూడా కడిగేయండి. కెగ్ తీసేసి ఉంటుంది, బార్‌మ్యాన్ ఖాళీగా ఉంటాడు. కప్లర్ వాషర్లు రెండు సెట్లు ముందే కొని డ్రాయర్‌లో పెట్టండి, అవి అరిగేది ఎప్పుడూ వారాంతంలోనే.

బోయిన్‌పల్లి_బాస్
ట్రెజరర్ జవాబు వస్తే ఇక్కడ పెట్టు అన్నా.